పాతికమందిలో ఒకరిగా అచ్చయితే లెక్కలోకి వస్తామా?

ప్రశ్న: ఆరేళ్లుగా కథలు రాస్తున్నాను. మూడు పత్రికల్లో వచ్చాయి, తొమ్మిది నా దగ్గరే ఉన్నాయి. సొంతంగా సంపుటి వేసుకునే స్థోమత లేదు. వేసినా ఎవరు చదువుతారన్న అనుమానం ఎలాగూ ఉంది. ఈమధ్య రెండు కథా సంకలనాల ప్రకటనలు చూశాను. మొదటిది ‘ప్రయాణం’ అనే అంశం మీద. రెండు నెలల గడువు ఉంది, కథ రెండున్నర వేల పదాలు దాటకూడదట. రెండో దానికి కథ పంపిన మర్నాడే ‘ఎంపికైంది’ అని జవాబు వచ్చింది. అయితే నేను పది ప్రతులు ముందుగా కొనాలట. సంకలనాల్లో రావడం రచయితగా నిలదొక్కుకోవడానికి నిజంగా పనికొస్తుందా? పాతికమందిలో ఒకరిగా వస్తే ఎవరికి గుర్తుంటావని మావారు అంటున్నారు. పంపితే మంచి కథ పంపాలా, మామూలుది పంపి మంచిదాన్ని దాచుకోవాలా?

సమాధానం: మీవారి మాటతోనే మొదలుపెడతాను. అందులో సగం నిజం ఉంది. సంకలనాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా వరసగా చదివేవాళ్లు అరుదు. చాలామంది విషయసూచికలో తెలిసిన పేరు వెతుక్కుని ముందు ఆ కథ చదువుతారు. తర్వాత దాని పక్కనున్న కథ మొదటి పేరా చూస్తారు. బాగుంటే సాగుతారు, లేకపోతే పుస్తకం మూస్తారు. మీకు దొరికేది ఆ పక్కచోటు. దాన్ని తీసిపారేయకండి. సొంత సంపుటి వేస్తే కొనేవాళ్లలో ఎక్కువమంది మిమ్మల్ని ఎరిగినవాళ్లే ఉంటారు. మీరెవరో బొత్తిగా తెలియని పాఠకుడి చేతికి మీ కథ చేరాలంటే ఇంకొకరి పేరు ఆసరాగా ఉండాలి. సంకలనం ఇచ్చేది ఆ ఆసరా.

మీవారు లెక్కలో వేసుకోనివాళ్లు ఇంకొందరున్నారు. సంపాదకుడు మీ కథను కనీసం నాలుగైదుసార్లు చదువుతాడు: ఎంపికలో, దిద్దుబాటులో, ప్రూఫులో, వరస పేర్చేటప్పుడు. మిగతా రచయితలూ తమ కథ అచ్చులో ఎలా వచ్చిందో చూసుకున్నాక, తమ పక్కన ఎవరున్నారో తప్పకుండా చూస్తారు. వాళ్లలో ఒకరు రేపు ఇంకో సంకలనానికి సంపాదకత్వం వహించవచ్చు, ఒకరు పత్రికలో కథల పేజీ చూస్తుండవచ్చు, ఒకరు సమీక్షలు రాస్తుండవచ్చు. కొత్త రచయితకు సంకలనం వల్ల ఒరిగేది ఎక్కువగా ఈ దారిలోనే ఒరుగుతుంది.

ప్యాట్రిక్ రాత్‌ఫస్ అనే అమెరికన్ రచయిత సంగతి చూడండి. ఆయన పెద్ద నవలను ఎవరూ తీసుకోకపోతే అందులోని ఒక భాగాన్ని కథగా మలిచి, కొత్తవాళ్ల కోసం ఏటా జరిగే ‘రైటర్స్ ఆఫ్ ది ఫ్యూచర్’ పోటీకి పంపాడు. 2002లో అది గెలిచి, ఆ ఏటి సంకలనంలో అచ్చయింది. అక్కడ కలిసిన ఒక రచయిత ద్వారా, రచయితల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే ఏజెంటు పరిచయమయ్యాడు. నవల 2007లో వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. ఇలాంటివి అందరికీ జరగవు. నేను చూపించదలచింది ఆ అదృష్టం ఏ దారిన వచ్చిందన్నదే. ఆయనకు ఉపకరించింది సంకలనం అమ్మకాలు కాదు, ఆ సంకలనం చుట్టూ చేరిన మనుషులు.

ఇక సంకలనాలన్నీ ఒక్క తీరువి కావు. కొన్ని ఇదివరకే పత్రికల్లో వచ్చిన కథల్లోంచి ఏరి కూర్చేవి. అమెరికాలో 1915 నుంచి ఏటా వస్తున్న ‘బెస్ట్ అమెరికన్ షార్ట్ స్టోరీస్’ అలాంటిది. మన దగ్గర కథాసాహితి 1990 నుంచి తెస్తున్న ‘కథ’ సంకలనాలూ అలాంటివే. వాటికి అచ్చుకాని కథ పంపి లాభం లేదు. ముందు కథ పత్రికలో రావాలి, వాళ్ల కంట పడాలి. మీవి మూడు కథలు ఇప్పటికే అలా వచ్చాయి కాబట్టి వాటికి రెండో బతుకు దొరికేది ఈ తరహా సంకలనాల్లోనే. రెండో రకం, మీరు చూసిన ‘ప్రయాణం’ లాంటివి. ఒక అంశం ఇచ్చి, ఎక్కడా రాని కథలను ఆహ్వానిస్తారు. పెట్టెలో ఉన్న తొమ్మిది కథలకు పనికొచ్చేది ఇది. ఇక్కడ ఒక జాగ్రత్త. ఫేస్‌బుక్‌లోనో, ఎవరైనా తెరిచి చదవగల ఇంకే వేదిక మీదో పెట్టిన కథను చాలామంది సంపాదకులు అచ్చయినదానికిందే లెక్కేస్తారు. మెచ్చుకోళ్ల కోసం తొందరపడి పెట్టిన కథలేమైనా ఉంటే ఆ సంగతి పంపేటప్పుడే రాయండి. తర్వాత బయటపడితే కథే కాదు, మాట కూడా పోతుంది.

సంకలనం మంచిదో కాదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: దీనికి సంపాదకుడు ఉన్నాడా? అట్ట మీద పేరు అందరికీ ఉంటుంది. నేను అడిగేది కథను వద్దనగలిగిన మనిషి గురించి. 1935లో ముద్దుకృష్ణ కూర్చిన ‘వైతాళికులు’, 1943లో అజ్ఞేయ ఏడుగురు హిందీ కవులతో తెచ్చిన ‘తార్ సప్తక్’, స్త్రీవాద కవిత్వానికి 1993 నాటి ‘నీలిమేఘాలు’, దళిత కవిత్వానికి 1995 నాటి ‘చిక్కనవుతున్న పాట’ ఇప్పటికీ చర్చల్లోకి వస్తున్నాయంటే కారణం అందులో ఎంతమంది ఉన్నారన్నది కాదు. కూర్చినవాళ్లకు కవిత్వం గురించి ఒక పట్టుదల ఉంది, ఆ పట్టుదలతో ఎంచారు. అలాంటి చోట ఒక్క కవిత వచ్చినా కవికి చిరునామా దొరికినట్టే.

మీకు మర్నాడే జవాబిచ్చినవాళ్లను ఈ ప్రశ్నతో చూడండి. గడువు ఇంకా ముగియకుండానే, మిగతా కథలు చేరకుండానే, మీ కథను దేనితో పోల్చి ఎంపిక చేశారు? ఎంత గొప్ప కథకైనా సంపాదకుడు ‘తుది నిర్ణయం గడువు తర్వాత’ అనే అంటాడు, ఎందుకంటే పుస్తకం మొత్తం ఎలా ఉండబోతోందో అప్పటికి ఆయనకూ తెలియదు. పాతిక మంది రచయితలు తలా పది ప్రతులు కొంటే రెండు వందల యాభై ప్రతులు దుకాణం గుమ్మం తొక్కకుండానే అమ్ముడయ్యాయి. ఆ తర్వాత పాఠకుడి కోసం వెతకాల్సిన అవసరం వాళ్లకేముంది? అక్కడ మీరు రచయిత కాదు, కొనుగోలుదారు.

ఇది కొత్త వ్యాపారమేమీ కాదు. అమెరికాలో ఇలాంటి కవితా సంకలనాలు జోరుగా సాగిన రోజుల్లో ఒకాయన, వాళ్ల ఎంపిక ఏపాటిదో చూద్దామని, వెర్గల్ ఫ్లోంప్ అనే కల్పిత పేరుతో అర్థంపర్థం లేని శబ్దాలు పేర్చి ‘కవిత’గా పంపాడు. దానికీ ప్రశంసలతో ఉత్తరం వచ్చింది. ఆ పేరు మీద ఇప్పుడు ఏటా ఒక హాస్య కవితల పోటీ జరుగుతోంది, ప్రవేశ రుసుము కూడా లేదు. మోసపోయినవాళ్లను చూసి నవ్వడానికి ఇది చెప్పడం లేదు. పేరు అచ్చులో చూసుకోవాలన్న కోరిక సిగ్గుపడాల్సినది కాదు. ఆ కోరిక ఎంత సహజమో తెలిసినవాళ్లే దాన్ని సొమ్ము చేసుకుంటారు.

అయితే డబ్బు అడిగిన ప్రతివాళ్లూ దొంగలని మాత్రం అనుకోకండి. పదిమంది మిత్రులు కూర్చుని, ఒకరి కథ ఒకరు చదివి దిద్దుకుని, తలా కొంత వేసుకుని పుస్తకం తేవడం గౌరవంగా చేసుకునే పనే. అక్కడ ఖర్చు ఎంతో, ఎవరు ఎంత పెట్టారో, మిగిలిన ప్రతులు ఎవరివో అందరికీ తెలుసు. ఎంపిక జరిగిందని అబద్ధం చెప్పి డబ్బు అడగడం వేరు. అసలు తప్పు డబ్బులో లేదు, ఆ అబద్ధంలో ఉంది. ఒక్కోచోట కథలు చదవడానికి చిన్న రుసుము పెడతారు. నాకది నచ్చదు, కానీ దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టను. రుసుము చెల్లించిన తర్వాత కూడా కథను తిరస్కరించే అవకాశం ఉందా లేదా అన్నదే అక్కడ తేడా.

హక్కుల సంగతి మీరు అడగలేదు. ఎవరూ అడగరు. అందుకే కాస్త ఎక్కువ చెప్పాలి. కథతో పాటు ‘ఇది నా స్వంత రచన, అనువాదం కాదు, అనుసరణ కాదు, మరెక్కడా పరిశీలనలో లేదు’ అని హామీపత్రం అడుగుతారు. దాన్ని కళ్లు మూసుకుని సంతకం చేసే అలవాటు మనకు బాగా పట్టింది. ఆ నాలుగు మాటలవరకు ఇబ్బంది లేదు. దాని కింద ‘సర్వహక్కులు ప్రచురణకర్తవి’ అని ఇంకో వాక్యం ఉందేమో చూడండి. ఉంటే, రేపు మీ సంపుటి వేసుకునేటప్పుడు మీ కథ కోసం మీరే వాళ్ల అనుమతి అడగాలి. సంకలనంలో ఒకసారి అచ్చు వేసుకోవడానికి అంత హక్కు అవసరమే లేదు. ‘ఈ సంకలనంలో ప్రచురించేందుకు అనుమతి ఇస్తున్నాను, మిగతా హక్కులన్నీ రచయితవి’ అన్నంత చాలు. ఈబుక్, ఆడియో, అనువాదం కూడా కావాలంటే వాటిని పేరుపేరునా రాయమనండి. పుస్తకం వచ్చాక ఆరు నెలలో, ఏడాదో ఆ కథను ఇంకెక్కడా వేయవద్దని అడగడం న్యాయమే. వాళ్ల పుస్తకం అమ్ముడుపోవాలి కదా. ఆ గడువు తీరాక కథ మీ చేతికి తిరిగి రావాలి. రచన మీద హక్కు రాసిన క్షణం నుంచే మీది. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాలన్నిటిలో దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. పోగొట్టుకోవడం మాత్రం సంతకంతోనే జరుగుతుంది.

ఇంకో షరతు చాలామంది మరిచిపోతారు: పుస్తకం రాకపోతే? హార్లన్ ఎలిసన్ 1967లో తెచ్చిన ‘డేంజరస్ విజన్స్’ సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద సంచలనం. 1972లో రెండో సంకలనం వచ్చింది. మూడోదానికి కథలు తీసుకున్నారు, అదుగో ఇదుగో అన్నారు. దశాబ్దాలు గడిచాయి. విసిగిపోయిన కొందరు కథలు వెనక్కి తీసుకుని వేరేచోట వేసుకున్నారు. కొందరు ఎదురుచూస్తూనే చనిపోయారు. 2018లో ఎలిసన్ కూడా పోయాడు. చివరికి 2024లో ఆ కథల్లో కొన్నిటితో మాత్రమే పుస్తకం వచ్చింది. ఎలిసన్ మోసగాడు కాదు, ఆ రంగంలో మహా పేరున్నవాడు. పేరు ఎంత పెద్దదైనా సరే, ‘ఫలానా తేదీలోగా పుస్తకం రాకపోతే కథ మీద అనుమతి దానంతటదే రద్దవుతుంది’ అన్న ఒక్క వాక్యం కాగితం మీద ఉండాలి. లేకపోతే మీరే మెయిల్‌లో రాసి, వాళ్లచేత సరేననిపించుకోండి. మర్యాదగా అడిగితే మంచి సంపాదకుడు నొచ్చుకోడు. నొచ్చుకుంటే మీకు కావలసిన సమాచారం అప్పుడే దొరికింది.

పారితోషికం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇస్తే సంతోషం. ఇవ్వలేకపోతే కనీసం ఒక రచయిత ప్రతి ఉచితంగా ఇవ్వాలి. అదీ కొనుక్కోమన్నచోటికి వెళ్లకండి.

ఇప్పుడు ‘ప్రయాణం’. అంశం ఇచ్చిన సంకలనాల్లో కథలు ఎలా రాలిపోతాయో దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి చెబుతాను. ఒకసారి ‘ఇల్లు’ అనే అంశం మీద వచ్చిన కథలు చదివే పని నాకు పడింది. కట్ట విప్పితే మూడో వంతు ఒకటే కథ: తండ్రి పోయాడు, పిల్లలు ఇల్లు అమ్మేస్తున్నారు, చివరి పేరాలో ఒకరు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూస్తారు, కళ్లు చెమరుస్తాయి. వాటిలో చక్కటి వాక్యాలున్న కథలు లేకపోలేదు. కానీ ఒక పుస్తకంలో అలాంటిది ఒక్కటే పడుతుంది. మిగిలినవన్నీ బాగున్నా వెనక్కి వెళ్లాయి. అందరం తడుముకోకుండా ఒప్పుకున్న కథ కరెంటు మీటర్ల రీడింగు తీసుకునే కుర్రాడిది. రోజుకు ఎన్నో ఇళ్లకు వెళ్తాడు, ఏ ఇంట్లోనూ వరండా దాటి లోపలికి అడుగుపెట్టడు. వరండా వరకు వచ్చే వాసనలు, మాటలు, చెప్పుల జతల లెక్కతో లోపల ఏం జరుగుతోందో ఊహిస్తుంటాడు. భాషలో అక్కడక్కడా తప్పులున్నాయి. అవి దిద్దడానికి ఒక పూట చాలింది.

అంశం వినగానే మీ మనసులోకి వచ్చిన మొదటి కథను అందుకే అనుమానించండి. ‘ప్రయాణం’ అంటే రైలు, కిటికీ పక్క సీటు, ఎదురుగా కూర్చున్న అపరిచితుడు చెప్పే జీవితసత్యం. అది ఇప్పటికే సంపాదకుడి పెట్టెలో అరడజను ఉంటుంది. ఎప్పుడూ ప్రయాణం చేయని మనిషిని పట్టుకోండి. ఊరెళ్లేవాళ్లకు పెట్టె సర్ది పంపేవాళ్లు, స్టేషన్‌లో టిక్కెట్లు ఇచ్చే కిటికీ వెనకాల కూర్చున్నవాళ్లు, రావలసినవాళ్లు రాక బస్సు దగ్గరే ఉండిపోయినవాళ్లు. ప్రకటన రెండోసారి చదివితే అంశం కింద రెండు మూడు వాక్యాల్లో సంపాదకుడు తన మనసులో ఏముందో చెప్పే ఉంటాడు. ఆయన ఇదివరకు కూర్చిన పుస్తకం ఒకటి సంపాదించి చదివితే ఇంకా తెలుస్తుంది. ఈ పని చేయకుండా పంపేవాళ్లే ఎక్కువ. చేసినవాళ్ల కథ మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

పంపే పద్ధతి కూడా చూసుకోవాలి. యూనికోడ్‌లో టైపు చేసిన వర్డ్ ఫైలు పంపండి. పీడీఎఫ్ పంపితే అక్షరాలు బయటికి తీసేటప్పుడు ఒత్తులు ఊడిపోతాయి, గుణింతాలు చెదిరిపోతాయి. మళ్లీ కూర్చుని టైపు చేయాల్సింది ఆ సంపాదకుడే. పేరు తీసేసి చదువుతామని అన్నచోట ఫైలు లోపల, ఫైలు పేరులో కూడా మీ పేరు ఉండకూడదు. పరిచయం అడిగితే నాలుగు వాక్యాలు. పొందిన బిరుదులు, సన్మానాల జాబితా వద్దు. పత్రికల్లో వచ్చిన మూడు కథల పేర్లు, వచ్చిన ఏడాది రాస్తే సరిపోతుంది. కథ దేని గురించో ఉత్తరంలో వివరించకండి. అది కథే చెప్పాలి.

మంచి కథా, మామూలుదా అన్న ప్రశ్నకు నా జవాబు మీకు అంతగా నచ్చకపోవచ్చు. దాచుకోవడం అనే ఆలోచనే వదిలేయండి. పుస్తకం అల్మారాల్లో ఏళ్లతరబడి ఉంటుంది. పదేళ్ల తర్వాత ఎవరో మీ పేరు మొదటిసారి అందులోనే చూస్తారు. మామూలు కథ పెట్టి, ‘నా మంచివి ఇంట్లో ఉన్నాయి’ అని వాళ్లకు చెప్పుకోలేరు. పైగా హక్కులు మీ దగ్గరే ఉంటే సంకలనంలో వచ్చిన కథ రేపు మీ సంపుటిలోనూ ఉంటుంది. ‘ఫలానా సంకలనంలో వచ్చింది’ అన్న ఒక్క వరుస, సంపుటి వేయమని ప్రచురణకర్తను అడిగేటప్పుడు మీ తరఫున మాట్లాడుతుంది. అంశానికి అతకని మంచి కథను మాత్రం లాక్కొచ్చి అతికించకండి. అలాగే, నాలుగు వేల పదాల కథను రెండున్నర వేలకు కోయకండి. అలా కోసినప్పుడు ముందు పోయేవి చిన్న పాత్రలు. కథకు ప్రాణం తరచు వాటిలోనే ఉంటుంది. దాన్ని పత్రికకు పంపి, దీనికి కొత్తది రాయండి. రెండు నెలలు మంచి గడువే. మొదటి నెలలోనే రాసేసి, రెండు వారాలు పక్కన పెట్టి, తర్వాత దిద్దండి.

తిరిగొస్తే, కారణం చెప్పకపోతే, కథ బాగోలేదని వెంటనే తీర్మానించుకోకండి. మీటరు కుర్రాడి కథ లాంటిదే ఇంకొకటి వచ్చి ఉంటే మేము ఒకటి వెనక్కి పంపేవాళ్లం. ఏది పంపేవాళ్లమో నాకే తెలియదు. తిరిగొచ్చిన మీ కథలో ‘ప్రయాణం’ అనే మాట మోతాదు మించితే కాస్త తగ్గించి, పత్రికకు పంపండి. ఒక్క విషయంలో మాత్రం హెచ్చరిస్తాను. ప్రకటన కనిపించినప్పుడల్లా ఆ అంశం మీద రాయడం అలవాటైతే, ఏడాది తిరిగేసరికి చేతిలో ఇతరులు అడిగిన కథలే ఉంటాయి. ఏడాదికి రెండు మూడు ప్రకటనలకు మించి ఆశపడకండి. మిగతా కాలం మీకు తోచింది రాయండి.

ఆ పది ప్రతుల వాళ్లకు ఈ రోజే రాయండి, కోపం అక్కర్లేదు: ‘మీ సంకలనానికి పంపిన నా కథను ఉపసంహరించుకుంటున్నాను. దాన్ని ప్రచురించేందుకు నా అనుమతి లేదు. ఈ సందేశం అందినట్టు తెలియజేయగలరు.’ కథ పేరు, పంపిన తేదీ తప్పకుండా చేర్చండి. పంపేటప్పుడు ఏదైనా హామీపత్రం మీద సంతకం చేసి ఉంటే దాని నకలు తీసి చదవండి. హక్కులు రాసిచ్చిన వాక్యం అందులో ఉంటే ఆ మెయిల్‌లోనే దాన్ని కూడా రద్దు చేసుకుంటున్నట్టు రాసి, వాళ్ల నుంచి ఒప్పుకోలు రాతపూర్వకంగా తీసుకున్నాకే కథను ఇంకోచోటికి పంపండి. అలాంటి సంతకమేదీ లేకపోతే జవాబు కోసం ఆగనక్కర్లేదు. మీ మెయిల్ నకలు దాచుకుని ఆ కథను రేపే పత్రికకు పంపవచ్చు.